అమరనాథ్ రాజీనామా

మంగళవారం ఉదయం మునిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, నగర్తపేటలోని తన దుకాణం తెరవడం, దేవుడి పటానికి ఊదొత్తి చూపించడం, పది గంటలకు ఒక మెయిలు పంపడం, మధ్యాహ్నానికల్లా ఆరు వందల పేటాల ఆర్డరు చేతికి తెచ్చుకోవడం. ఇందులో మొదటి మూడూ అనుకున్నట్టే జరిగాయి.

పేటా అంటే మైసూరు తలపాగా. బెంగళూరులో ఎవరికి సన్మానం చేసినా ఒక శాలువా, ఒక పండ్ల బుట్ట, తలమీద జరీ అంచు పట్టు పేటా ఉండి తీరాలి. పేటా పెట్టకపోతే సన్మానం జరిగినట్టు, చేయించుకున్నవాడే ఒప్పుకోడు. మునిరాజు ఇంట్లో తాత కాలం నుంచీ ఇదే పని. చిక్కపేట నుంచి గుడ్డ, జరీ తెచ్చేది మునిరాజు. చెక్కతల మీద పెట్టి మడత మీద మడత చుట్టేది ఆయన భార్య లక్ష్మమ్మ. ఆమె చుట్టిన పేటా ఎవరి తలమీద పెట్టినా వెంట్రుకవాసి కదలదు. అయితే ఈ మధ్య అట్టముక్కకు గుడ్డ అంటించిన చవక పేటాలు బజారు నిండా వచ్చి పడ్డాయి. వాటి దెబ్బకు రెండేళ్లుగా దుకాణం నీరసించింది.

లక్ష్మమ్మ తమ్ముడు ఆంజనేయులుకు యలహంకలో పెద్ద బట్టల షోరూము ఉంది. ఆయన ఒక నామకరణం భోజనాల్లో, పదిమంది వింటుండగా, "ఒకటో తేదీ దాకా చూస్తాను బావా. ఆలోపల పెద్ద ఆర్డరు రాకపోతే దుకాణం మూసేసి నా దగ్గరికి వచ్చెయ్యి. షోరూము వాకిట్లో స్టూలుండాది. వచ్చినోళ్ల సంచులు తీసుకోని టోకెన్లు ఇయ్యి. కూర్చునే పనే కదప్పా," అన్నాడు. మునిరాజు నవ్వి పాయసం తాగాడు గానీ, ఆ పాయసం ఇంతవరకూ ఆయనకు గొంతు దిగలేదు. ఒకటో తేదీ ఇంక నాలుగు రోజులుంది.

ఇక మెయిలు సంగతి. పాత బజారులో ఒక పద్ధతి ఉంది. గిరాకీ ధర తగ్గించమంటే దుకాణదారు కుదరదని మొహం మీద చెప్పడు. చెబితే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. "నేను పనివాణ్ణి, యజమానిని అడగాల" అంటాడు. వీధిలోకి వెళ్లి, ఒక కాఫీ తాగేంతసేపు తోపుడుబండ్లను చూసి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చి, "యజమాని ఒప్పుకోలేదు" అంటాడు. ఆ యజమాని తనేనన్న సంగతి ఆ వీధిలో కుక్కలకు సైతం తెలుసు, ఒక్క గిరాకీకి తప్ప. మునిరాజు ముప్ఫై ఏళ్లుగా ఇలాగే వ్యాపారం చేశాడు. ఇంతకాలంలో ఒక్కసారైనా ఎవరితోనూ తన నోటితో 'కుదరదు' అని ఎరుగడు.

ఆర్డర్లు మెయిళ్లలోకి మారాక ఈ విద్య చూపించే దారి లేకపోయింది. మెయిలులో వీధిలోకి వెళ్లి నిలబడటం ఎలా? అప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే కూతురు శ్రుతి ఒక ఉపాయం చెప్పింది.

"నాయనా, ఇన్‌బాక్స్ ఒకటే. దానికి మూడు అలియాస్‌లు పెడతాను. ఆర్డర్లకి ఒక అడ్రసు, క్వాలిటీకి ఒకటి, ఓనర్‌కి ఒకటి. ఎవరు దేనికి రాసినా నీ ఫోనుకే వస్తుంది. నువ్వు పంపేటప్పుడు మాత్రం, పైన ఫ్రమ్ అని ఉంటుంది చూడు, అక్కడ ఏ అడ్రసో చూసి పంపు. అది మరిచిపోవద్దు."

ఆ పిల్ల ఉద్దేశం ఉత్తరాలు కలగాపులగం కాకుండా ఉండాలని. మునిరాజు మాత్రం ఆ మూడు అడ్రసుల్లోంచి ముగ్గురు మనుషులను పుట్టించాడు. ఓనర్‌కు తన తాత గురప్ప పేరు పెట్టాడు. గోడమీద పటంలో ఆయన మీసం చూస్తేనే ఎవరూ తగ్గింపు అడగరని ధైర్యం. క్వాలిటీకి గౌరమ్మ. ఆమె మహా నిక్కచ్చి మనిషి. మడత ఒక నూలుపోగు జరిగినా పేటాను పక్కన పడేస్తుంది. ఆర్డర్లకు అమరనాథ్. ఆ పేరుకు కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా ఉన్నట్టు మునిరాజుకు తోచింది. అమరనాథ్ ఎవరు రాసినా పది నిమిషాల్లో జవాబిస్తాడు, పండగలకు శుభాకాంక్షలు పంపుతాడు, గిరాకీ ఇంట్లో జ్వరమొస్తే తగ్గిందా అని కనుక్కుంటాడు. ఏడాది తిరిగేసరికి మునిరాజును ఎరగనివాళ్లు కూడా అమరనాథ్‌ను మెచ్చుకోసాగారు. సొంత పేరుకు మునిరాజు డెలివరీ పని కేటాయించుకున్నాడు. మోసేది ఎలాగూ తనే కదా!

ఆరు వందల పేటాలు కావలసింది ఇందిరానగర్‌లోని ఒక ఈవెంట్ కంపెనీకి. కంటి డాక్టర్ల మహాసభ ఒకటి జరగబోతోంది. వచ్చిన ప్రతి డాక్టరుకూ పేటా పెట్టాలట. ఆ కంపెనీలో పల్లవి అనే అమ్మాయి నమూనా చూసి బాగుందంది. పది శాతం తగ్గిస్తే వెంటనే ఆర్డరిస్తానని సోమవారం రాసింది. "మా యజమానిని అడిగి చెబుతాను మేడమ్" అని అమరనాథ్ ఎప్పటిలాగే మర్యాదగా జవాబిచ్చాడు.

మంగళవారం పదింటికి "యజమాని ఒప్పుకోలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఇంత పెద్ద ఆర్డరు అనేసరికి మునిరాజుకు బజారు విద్యలో పై మెట్టు గుర్తొచ్చింది. గిరాకీ ఎదుట పనివాణ్ణి చెడామడా తిట్టడం ఆ పై మెట్టు. నా వల్ల పాపం ఆ మనిషి తిట్లు తింటున్నాడే అని గిరాకీ జాలిపడి, చెప్పిన ధరకే తీసుకుంటుంది. కాబట్టి గురప్ప అమరనాథ్‌కు ఒక మెయిలు రాయాలి, దాని నకలు పొరపాటున పోయినట్టు పల్లవికి పోవాలి.

మునిరాజు తెలుగులో చెబితే ఫోను ఇంగ్లీషులోకి మార్చి రాస్తుంది. ఆయన తాత పటం వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఏమిరా అమరనాథూ! మళ్లా తగ్గింపు అంటివా? తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతాండావా? ఇంగోసారి ఆ మాట ఎత్తితే నీ చెవులు పిండి చేతిలో పెడతా!"

లోపల పేటా చుడుతున్న లక్ష్మమ్మ తల బయటపెట్టింది. "ఊరికే ఎవుర్ని అట్ల అరుస్తాండావు?"

"అమరనాథ్‌ను."

"అయ్యో, మంచోడు పాపం," అని లక్ష్మమ్మ మళ్లీ పనిలో పడింది.

ఫోను ఆ తిట్లలో ఒక్క మాటనూ వదిలిపెట్టలేదు. వాసాలను వాసాలుగా, చెవులను చెవులుగా, పిండటాన్ని పిండటంగా శుద్ధమైన ఇంగ్లీషులోకి మార్చింది. మునిరాజు సంతృప్తిగా మీట నొక్కాడు.

ఇరవై నిమిషాలకు జవాబొచ్చింది. అది పల్లవి నుంచి కాదు. ఆ కంపెనీ నైతిక విలువల కమిటీ నుంచి. మునిరాజు దాన్ని తెలుగులోకి మార్చుకుని చదివాడు.

"మాకు సరుకు పంపే సంస్థల్లో పనిచేసేవారి క్షేమం మాకు ముఖ్యం. మీ ఉద్యోగి అమరనాథ్ చెవులను నలిపి, ఆయన చేతికే అందజేస్తామని మీరు లిఖితపూర్వకంగా బెదిరించారు. ఆయన మీ ఇంట్లోనే భోంచేస్తూ పైకప్పు వాసాలు లెక్కపెట్టుకుంటూ కాలం గడుపుతున్నట్టు కూడా తెలుస్తోంది. ఆయన్ను గదిలో బంధించారా? జీతం ఇస్తున్నారా? తేలేవరకు ఆర్డరు నిలిపివేస్తున్నాం."

"అయ్యో నా తండ్రీ!" అని మునిరాజు స్టూలు మీద కూలబడ్డాడు. కూలబడ్డాక అది స్టూలని గమనించి, షోరూము వాకిలి గుర్తొచ్చి, దిగ్గున లేచాడు. ఇప్పుడు అమరనాథే నోరు విప్పాలి. బాధితుడే బాధ లేదంటే కమిటీకి పనేముంది? ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పాడు: "నేను అమరనాథ్‌ను. చాలా సంతోషంగా ఉన్నాను. నన్ను ఎవరూ కొట్టడం లేదు. మా యజమాని దేవుడు."

పంపిన తర్వాత చూసుకున్నాడు. ఫ్రమ్ దగ్గర ఇందాకటి గురప్ప అడ్రసే ఉంది.

ఆయన శ్రుతికి ఫోను చేసి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు.

"నాయనా, 'నన్ను ఎవరూ కొట్టడం లేదు' అని ఓనర్ అడ్రసు నుంచి పంపినావా? కిడ్నాప్ చేసినోళ్లు అట్లనే పంపిస్తారు! ఫ్రమ్ చూడమని ఎన్నిసార్లు చెప్తిని? ఇంక ఏమీ పంపొద్దు. మీటింగ్‌లో ఉన్నాను, అయినాక చేస్తా."

ఈలోగా కమిటీ రెండో మెయిలు పంపనే పంపింది. మధ్యాహ్నం మూడు గంటలకు తమ ప్రతినిధి వచ్చి అమరనాథ్‌తో ఏకాంతంగా మాట్లాడుతారట. ఆ సమయంలో యజమాని గురప్ప వంద గజాల దూరంలో ఉండాలట. ఈ షరతు ఒక్కటీ తేలికే అనిపించింది మునిరాజుకు. గురప్ప పోయి నలభై ఏళ్లయింది.

"లేనోణ్ణి యాడినుంచి తెస్తావు?" అంది లక్ష్మమ్మ, సంగతంతా విని. "పని మానేసి పొయినాడని చెప్పు. ఉన్నోడు పోతే కదా నష్టం. లేనోడు పోతే ఎవురికేం?"

ఇందులో తప్పు పట్టడానికి మునిరాజుకు ఏమీ దొరకలేదు. ఈసారి ఫ్రమ్ దగ్గర మూడుసార్లు చూసుకుని, అమరనాథ్ అడ్రసు నుంచే, సొంత కారణాల వల్ల ఈ ఉదయం రాజీనామా చేశానని రాశాడు. మళ్లీ ఎవరు రాసినా ఇదే జవాబు దానంతటదే వెళ్లేటట్టు కూడా ఏర్పాటు చేశాడు. పనిలో పని, పీడా వదిలిపోతుందనుకున్నాడు.

పీడ రెక్కలు కట్టుకుంది. కమిటీ నిమిషాల్లో రాసింది: "విచారణ మొదలైన పూటే ఉద్యోగం తీసేశారా? ఇది కక్షసాధింపు. మూడు గంటలకు ఆయన తిరిగి పనిలో ఉండాలి. లేకపోతే ఆర్డరు రద్దు." ఆ తర్వాత, మెయిలు పెట్టి రాజీనామా జవాబు అందుకున్న పాత గిరాకీలు మొదలుపెట్టారు. మల్లేశ్వరం నుంచి ఒక హెడ్మాస్టరు, అంత సంస్కారవంతుడిని పోగొట్టుకున్న సంస్థ బాగుపడదని శపించాడు. ఒక కళ్యాణమంటపం మేనేజరు ఫోను చేసి, అమరనాథ్‌కు వీడ్కోలు సన్మానం చేస్తాం, ఒక మంచి పేటా పంపించమని మునిరాజుకే ఆర్డరిచ్చాడు.

సరిగ్గా మూడింటికి పల్లవి వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు. దుకాణంలోకి రాగానే కళ్లెత్తి పైకప్పుకేసి చూసింది. వాసాలు నిజంగానే ఉన్నాయి. కన్నడంలో మొదలుపెట్టి, లక్ష్మమ్మ మాట విని తెలుగులోకి దిగింది.

"ఆంటీ, నేను కమిటీ తరఫున వచ్చాను. అమరనాథ్ గారెక్కడ? భయపడొద్దని చెప్పండి. హీ ఈజ్ సేఫ్ నౌ."

లక్ష్మమ్మ జవాబు వెతుక్కునేలోపల వీధిలో ఒక కారు ఆగింది. అందులోంచి ఆంజనేయులు దిగాడు. అమరనాథ్‌ను ఆయన కూడా మెయిళ్లలోనే ఎరుగును. షోరూము వార్షికోత్సవానికి పేటాలు కావాలని ఇందాక మెయిలు పెడితే, రాజీనామా జవాబొచ్చిందట. ఆ జవాబు చదవగానే యలహంక నుంచి ఆగకుండా వచ్చేశాడు.

"బావా, అమరనాథ్ యాడుండాడు? అట్లాటి మనిషిని ఎట్ల పోనిస్తివప్పా? నా షోరూముకు మేనేజర్ని చేస్తాను. ఏసీ రూము, తిరిగే కుర్చీ, కారు. ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకో!"

"ఎక్స్‌క్యూజ్ మీ సార్, ఆయన ఇక్కడే కంటిన్యూ అవ్వాలి. ఇది ఆయన రైట్," అంది పల్లవి.

"ఏం రైటమ్మా? ఈ గూట్లో కూర్చోని ఆయన ఏం బాగుపడతాడు? మా బావకు మనిషి విలువ తెలీదు."

ఆ మాటతో మునిరాజుకు లోపల ఏదో తెగింది. ఒక బావకు వాకిట్లో స్టూలు. అదే బావ పేరు మార్చుకుంటే ఏసీ రూము, తిరిగే కుర్చీ! ముప్ఫై ఏళ్ల భయం ఒక్క క్షణంలో కోపమైంది.

"అమరనాథ్ ఎవుడూ లేడు. నేనే అమరనాథ్. గురప్ప మా తాత, పటంలో ఉండాడు. రాసిందంతా నేనే. తిట్టింది నేనే, తిట్లు తినింది నేనే!"

పల్లవి నమ్మలేదు. నిజం చెప్పనీకుండా మీరు ఆయన్ను దాచిపెట్టారేమోనంది. ఫోను తీసి అమరనాథ్ అడ్రసుకు ఒక మెయిలు పంపింది. మునిరాజు చొక్కా జేబులో గంట మోగింది. గురప్పకు పంపింది. అదే జేబులో మోగింది. అనుమానం తీరక గౌరమ్మకు పంపింది. మళ్లీ మోగింది.

"ఆ గౌరమ్మ మాత్రం నేను," అంది లక్ష్మమ్మ, చెక్కతల మీది పేటాను విప్పి మళ్లీ చుడుతూ. "పనికిరాదని చెప్పేది నేను, రాసేది ఆయన."

ఆంజనేయులు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పల్లవి ఎర్రబడ్డ మొహంతో ఫైలు మూసింది.

"అంకుల్, ఇదంతా చీటింగ్. నేనొక్కదాన్నే డిసైడ్ చెయ్యలేను. కమిటీని అడగాలి."

ఆమె గడప దిగి వీధిలోకి వెళ్లింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది గానీ పెదవులు కదలడం లేదు. తోపుడుబండ్లను చూస్తూ ఒక కాఫీ తాగేంతసేపు నిలబడింది. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"కమిటీ ఒప్పుకోవట్లేదు అంకుల్. పదిహేను శాతం తగ్గిస్తేనే అంటున్నారు."

మునిరాజు ఆ పిల్లను తేరిపార చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాకపోవచ్చు, కంప్యూటరు రాకపోవచ్చు. కానీ ఆ వెళ్లడం, ఆ నిలబడటం, ఆ రావడం మాత్రం ముప్ఫై ఏళ్లుగా ఆయన సొంత ఆస్తి.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీ కమిటీలో ఎంతమంది ఉండారు?"

పల్లవి ఏదో చెప్పబోయింది. అంతలో నవ్వొచ్చి, ఆపుకోలేక, ఫైలుతో మొహం కప్పుకుంది.

"ఒక్కదాన్నే అంకుల్! కమిటీ, పర్చేజ్, కంప్లయింట్స్, అన్నీ నా ఫోన్లోనే. మా బాస్ కౌశల్ సార్ ఉన్నారు గానీ ఆయన మెయిల్స్ కూడా నేనే పంపిస్తా. కానీ మీ అమరనాథ్ చెవుల గురించి మాత్రం నిజంగా బాధేసింది. పొద్దున్నుంచి టిఫిన్ కూడా తినలేదు. ఒక్క అమ్మాయి పేరుతో రాస్తే ఎవరు లెక్కచేస్తారు చెప్పండి? అందుకే కమిటీ పేరుతో రాశా."

ఆ మాటకు మునిరాజు మనసు కరిగింది. తన కోసం, అంటే అమరనాథ్ కోసం, ఒక పరాయి పిల్ల పస్తుండటం ఆయనకు నిజంగానే కళ్లు చెమర్చేలా చేసింది. లక్ష్మమ్మ లోపల్నుంచి నాలుగు ఇడ్లీలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. తినడం అయ్యాక, అప్పుడే చుట్టిన పేటాను ఆమె తలమీద పెట్టి, "ఊపు" అంది. పల్లవి తల ఊపింది. వంగింది. ఎగిరింది. పేటా చలించలేదు.

"పోయిన ఈవెంట్‌లో పేటా జారి చీఫ్ గెస్ట్ ముక్కు మీద పడింది అంకుల్. ఈసారీ అట్లా అయితే నా ఉద్యోగం పోతుంది. ప్లీజ్, ధర ఫైనల్‌గా చెప్పండి. ఓనర్‌ని అడుగుతారా?"

"ఓనర్ నేనే," అన్నాడు మునిరాజు. "తగ్గింపు కుదరదు. ఆరు వందలూ పది రోజుల్లో ఇస్తాము. ఒక్కటి జారినా నన్ను పిలిపించి అడుగు."

పుట్టి బుద్ధెరిగాక గిరాకీతో ఆయన అన్న మొదటి 'కుదరదు' అది. అంటే ఆకాశం విరిగి పడుతుందనుకున్నాడు. ఏమీ పడలేదు. పల్లవి అక్కడే నిలబడి, కౌశల్ సారుగా ఆర్డరు ఖాయం చేసింది, పర్చేజ్ విభాగంగా అడ్వాన్సు పంపింది, చివరికి కమిటీగా, ఎవరి చెవులు వాళ్లే పిండుకోవడం నేరం కాదని విచారణ ముగించింది.

ఆంజనేయులు గొంతు సవరించుకున్నాడు. "అది కాదు బావా, ఆ మేనేజర్ కుర్చీ నీకైనా ఇస్తాను కదా. రావచ్చు కదప్పా?"

"నువ్వే కూర్చోరా," అంది లక్ష్మమ్మ. "మా ఆయనకు తీరిక లేదు."

పది రోజులు లక్ష్మమ్మ చేతులకు, మునిరాజు కాళ్లకు విశ్రాంతి లేదు. ఆరు వందలమంది కంటి డాక్టర్లు పేటాలు పెట్టుకుని ఫొటోలు దిగారు, భోజనాలు చేశారు, కొందరు పేటాలతోనే విమానాలు ఎక్కారు. ఒక్కటీ జారలేదు. వారం తిరక్కముందే ఇంకో రెండు మహాసభల ఆర్డర్లు వచ్చాయి. ఒకటో తేదీ ఎప్పుడు దాటిపోయిందో కూడా మునిరాజు గమనించలేదు.

ఆ నెలాఖరులో ఆంజనేయులు షోరూము వార్షికోత్సవానికి యాభై పేటాలు కావాలని, ఇంటివాడు కాబట్టి ఇరవై శాతం తగ్గించమని మెయిలు పెట్టాడు. మునిరాజు ఫ్రమ్ దగ్గర జాగ్రత్తగా చూసుకుని, శ్రుతి కొత్తగా చేసిపెట్టిన అడ్రసు ఎంచుకుని, కుదరదని రాసి, కింద 'ఇట్లు, మునిరాజు, యజమాని' అని పెట్టాడు.

లక్ష్మమ్మ ఆయన భుజం మీదుగా ఆ మెయిలంతా చదివి, యజమాని ఎవరన్న సంగతి ఇంటికి పోయినాక మాట్లాడదామంది.